మైకుసెట్టు, శాంపిల్ రేటు



శ్రీరామనవమికి హరికథయో, జాతరకు పద్యనాటకమో ఏర్పాటు చేయునపుడు కథకున కెంత, పందిటి కెంత, దీపముల కెంత యని ఉత్సవసంఘమువారు ముందుగా లెక్క వేసికొందురు. ఇప్పు డా లెక్కలో మైకుసెట్టు వంతు పెరిగినది. అద్దెకిచ్చువారు "మా డిజిటల్ మిక్సరు 96 కిలోహెర్ట్జులది, 48 దానికంటె రెట్టింపు మేలు" అని చెప్పి అద్దె హెచ్చించి యడిగినచో, ఔననుటకు గాని కాదనుటకు గాని మనకు ఆధార మేమి? ఊరి చందాసొమ్ము వ్యయపరచువారికి ఈ సంఖ్యల యర్థము తెలిసియుండవలెను.

మైకు మన కంఠధ్వనిని విద్యుత్తరంగముగా మార్చును. డిజిటల్ మిక్సరు ఆ తరంగము ఎత్తును సెకనునకు ఇన్నిమారులని నియమముగా కొలిచి అంకెలుగా మార్చికొనును. ఆ కొలతల సంఖ్యయే శాంపిల్ రేటు. చెరువులోని నీటిమట్టమును దినమున కొక్కమారే కొలిచినచో రాత్రి వచ్చిపోయిన పోటు మన లెక్కకు రాదు. తరచుగా కొలిచిన వచ్చును. ధ్వని విషయమును ఇట్టిదే.

అయిన నెంత తరచుగా కొలువవలెను? మనుష్యుని చెవి యౌవనమునందు సైతము సెకనునకు సుమారు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. వయస్సు పైబడినకొలది ఈ హద్దు తగ్గును. తరంగమునందలి అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపుకంటె ఎక్కువమారులు కొలిచినచో ఆ కొలతలనుండి తరంగమును మరల నిర్మింపవచ్చునని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1928లో హారీ నైక్విస్టు, 1949లో క్లాడ్ షానన్ ప్రకటించిన వ్యాసములు దీనికి పునాదులు. 20,000కు రెట్టింపు 40,000. అందుచేతనే 1982లో అంగడికి వచ్చిన కాంపాక్టు డిస్కునకు 44,100 కొలతలును, చలనచిత్రములకు, సభలకు సాధారణముగా 48,000 కొలతలును ఏర్పడినవి. 96,000 కొలతలవలన అదనముగా చేరునవి గబ్బిలములు వినదగిన ధ్వనులే గాని, మనము వినదగినవి కావు.

అట్లైన 96 వలన లాభమే లేదా? కలదు. అది మాధుర్యమున గాక ఆలస్యమున కలదు. మిక్సరు కొన్ని కొలతలను కూడబెట్టుకొని గాని పని జరుపదు. 64 కొలతలు కూడుటకు 48 రేటున సెకనులో వెయ్యవవంతులు సుమారు 1.33 పట్టును. 96 రేటున 0.67 చాలును. ఈ మిగులు ఎంత? గాలిలో ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, అంతకాలములో అది పోవు దూరము జానెడు మాత్రమే. స్పీకరునకు జానెడు వెనుకకు జరిగిన శ్రోతకు ఆ లాభము చెల్లిపోవును. అయితే అనేక యంత్రములు వరుసగా నున్నచోట ఆలస్యములు ఒకదానిపై నొకటి చేరును. అట్టి సభలో చెవిలో పరికరము పెట్టుకొని తన గొంతు తానే వినుచు పాడు గాయకునకు 96 నిజముగా ఉపకరింపవచ్చును.

లాభమునకు వెలయును కలదు. మాడీ యను పద్ధతిలో ఒక తీగపై 48 రేటున 64 మైకుల ధ్వని పోగా, 96 రేటున 32 మాత్రమే పోవును. 32 మైకుల కచేరిని 24 బిట్ల కొలతతో రెండుగంటలు నిలువచేయుటకు 48 రేటున సుమారు 33 గిగాబైట్లు, 96 రేటున 66 గిగాబైట్లు చోటు కావలెను.

రేటు ఏదైనను, అన్ని యంత్రములకు అది ఒక్కటే కావలెను. ఒక నాటకమున నేను కన్నులార చూచితిని. నటుడు రాగమెత్తినప్పుడెల్ల స్పీకర్లలో టపటప శబ్దము. మైకులు రెండు మార్చిరి, తీగలు మార్చిరి. ప్రేక్షకులు నటుని నిందించిరి. తుదకు చూడగా మిక్సరు 48 రేటునను, దానికి కలిపిన మరియొక యంత్రము 44.1 రేటునను నడచుచుండెను. తాళము వేయువా రిద్దరై, ఒకరి నొకరు వినకున్న భజన యెట్లుండునో అట్లే యాయెను. నిర్దోషియైన ఆ వృద్ధనటుడు ఆ రాత్రి తలవంచుకొని రంగము దిగినాడు.

కావున సంఘమువారు మైకుసెట్టువారిని రెండు ప్రశ్న లడుగవలెను. అన్ని యంత్రములకు రేటు ఒక్కటేనా? ఏ యంత్రము గడియారము ననుసరించి తక్కినవి నడచును? ఈ రెంటికి సరియైన ఉత్తరము వచ్చినచో గ్రామసభకు 48 చాలును. రేటును ప్రదర్శనకు ముందే స్థిరపరచవలెను. నడుమ మార్చినచో ధ్వని ఆగిపోవచ్చును. మిగిలిన సొమ్మును మంచి మైకునకు, వెనుకవరుసవారికి మాట తెలియునట్లు స్పీకర్ల నమర్చుటకు వినియోగింపుడు. పందిటి చివర కూర్చున్న ముదుసలికి పద్యము స్పష్టముగా వినవచ్చినచో మన చందా సద్వినియోగమైనట్లే.