ఆట వెనుక యంత్రం



తోలుబొమ్మలాటలో కథ మారినా తెర, దీపం మారవు. వీడియో ఆటలలో అట్టి ఉమ్మడి సామగ్రికే గేమ్ ఇంజిన్ అని పేరు. దృశ్యాలను చిత్రించడం, వస్తువుల చలనాన్ని లెక్కించడం, ధ్వనిని వినిపించడం దాని పనులు.

1993లో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 'డూమ్' ఆటను వెలువరించింది. జాన్ కార్మాక్ రచించిన ఆ ఇంజిన్ ఒకవైపు, ఆటలోని పటాలు, బొమ్మలు, ధ్వనులు మరొకవైపు విడివిడిగా ఉండేవి. అందుచేత ఆడేవారే కొత్త పటాలను నిర్మించగలిగారు. ఆ సంస్థ తదుపరి ఇంజిన్ 'క్వేక్'ను లైసెన్సుపై పొంది, సవరించుకొని వాల్వ్ సంస్థ 1998లో 'హాఫ్-లైఫ్'ను రూపొందించింది. డూమ్ సోర్స్ కోడ్ 1997లో, క్వేక్ సోర్స్ కోడ్ 1999లో లోకానికి వెల్లడయ్యాయి.

2005లో వెలువడిన 'యూనిటీ' చిన్న బృందాలకు సైతం ఈ విద్యను చేరువ చేసింది. అయితే 2023 సెప్టెంబరులో ఆ సంస్థ, నిర్ణీత పరిమితులు దాటిన ఆటలను కొత్తగా స్థాపించుకున్న ప్రతిసారీ నిర్మాతలు రుసుము చెల్లించాలని ప్రకటించింది. తీవ్ర నిరసన చెలరేగగా, 2024 సెప్టెంబరులో దానిని రద్దు చేసింది. ఏళ్ల తరబడి శ్రమించి కట్టిన ఇంటి పునాది పరుల చేతిలో ఉన్నదని నిర్మాతలకు అప్పుడు తెలిసివచ్చింది. అర్జెంటీనాలో పుట్టి, 2014లో సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా లభించిన 'గోడో' వైపు పలువురు చూపు మళ్లించారు.

ఇంజిన్ ఘనత దృశ్యాల మెరుపులో లేదు. ఎందరి చేతికి పనిముట్టుగా అందిందన్న దానిలో ఉన్నది. పనిముట్టును ఎన్నుకొనే విద్యార్థి దాని శక్తితోపాటు షరతులను సైతం చదవడం వివేకం.