సముద్రము దాటు బ్యాటరీ, సూదంటురాయి

మీ యింటి బల్లమీదనున్న చిన్న రేడియోను ఒకసారి వెనుకకు త్రిప్పి చూడుడు. మూత తీసినచో లోపల రెండు మూడు బ్యాటరీలు కనబడును. ముందువైపున, మాట వెలువడు గుండ్రని భాగము వెనుక, ఒక అయస్కాంతము బిగింపబడి యుండును. మన పెద్దలు దానినే సూదంటురాయి యనిరి. ఒకటి శక్తిని దాచునది. రెండవది ఆ శక్తిని శబ్దముగా మార్చుటకు తోడ్పడునది. ఈ రెండును లేనిదే చేతిరేడియో లేదు, సెల్‌ఫోను లేదు, నేడు గోదావరి గట్లమీద తిరుగుచున్న విద్యుత్ స్కూటరును లేదు. ఇంటనున్నంతసేపు ఇవి మిక్కిలి సాధువులు. వీనినే యొక పెట్టెలో పెట్టి ఐరోపాకు పంపదలచితిమా, అప్పుడు వీనిచుట్టును ఎన్ని నియమములు అల్లుకొని యున్నవో మనకు తెలియవచ్చును.

మా యింటనే జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా మేనల్లుడు జర్మనీలో ఉద్యోగము చేయుచున్నాడు. వానికి ఆత్రేయపురపు మామిడితాండ్రయు, కోడలికి ఉప్పాడ చీరయు పంపదలచి రాజమహేంద్రవరమున ఒక పెట్టె కట్టించితిమి. పెట్టెలో కొంచెము చోటు మిగిలినది. ఆ చోటున ఒక పవర్‌బ్యాంకును, గోదావరి వంతెన బొమ్మగల నాలుగు అయస్కాంతపు బిళ్లలను సర్దితిమి. పార్సెలు తీసికొను కుర్రవాడు, "లోపల బ్యాటరీలు గానీ ఏమన్నా ఉన్నాయాండీ?" అని మర్యాదగానే యడిగెను. "ఏమీ లేవు బాబూ" అంటిమి. చీటిమీద 'గృహోపయోగ వస్తువులు' అని వ్రాసితిమి. మూడు వారములకు పెట్టె మా గుమ్మము ముందే మరల ప్రత్యక్షమైనది. విమానాశ్రయమున ఎక్స్‌రే యంత్రము లోపలి సంగతి బయటపెట్టినది. పిలిచి అడిగినవారికి మేము చెప్పిన సమాధానము, తాడిచెట్టేల యెక్కితివన్న దూడగడ్డికై యన్నట్లున్నది. తప్పు మాది. ఆ తప్పు వలన నేర్చుకొన్నదే నేటి ప్రసంగము.

సుంకము మన తెలుగువారికి క్రొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో ఒక అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము, తుపానుకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు బలవంతముగా తీసికొనెడివారు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, ఎగుమతి దిగుమతులమీద ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే గ్రహింతునని రాతిమీద చెక్కించెను. వర్తకుడు ఉన్నదున్నట్లు చెప్పి సుంకము చెల్లింపవలెను. రాజు అతని సరకుకు రక్షణ యీయవలెను. ఏడువందల యేండ్లు గడచిన పిమ్మటను సుంకపుచావడి మూలసూత్రము ఇదియే.

మన డెల్టాకును ఈ చరిత్రలో భాగమున్నది. కోరంగి, ఇంజరము, పాలకొల్లు, నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెము, కాకినాడలోని జగన్నాథపురము, ఇవి డచ్చివారును ఇంగ్లీషువారును బట్టలు కొనుటకై వచ్చిన తావులు. యానాము 1954 వరకు ఫ్రెంచివారి చేతిలో నుండినది. అందుచేత మన మండలము నడుమనే పరదేశపు సరిహద్దు ఉండెడిది. నది దాటించిన వస్తువు కూడ సుంకపు ప్రశ్నకు లోబడెడిది.

ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప కాలువలమీద పడవలు నడచిన సంగతి మీలో పెద్దలకు తెలియును. లాకు వద్ద పడవ ఆగవలసినదే. లోపలి నీటిమట్టము బయటి నీటిమట్టముతో సమానమగువరకు తలుపు తెరవరాదు. తొందరపడి తెరచినచో పడవకును, లాకుకును, ఎదురు వచ్చువారికిని ముప్పే. దేశముల సరిహద్దున కస్టమ్సువారి పని ఇట్టిదే. వారు ముఖ్యముగ మూడు ప్రశ్నలు వేయుదురు. ఈ వస్తువు ఏమిటి? దీని వెల యెంత? దీనికి బాధ్యుడెవడు? బ్యాటరీ, అయస్కాంతము వచ్చినచోట నాలుగవ ప్రశ్నయు చేరును: ఇది దారిలో ఎవరికైన హాని చేయునా?

ముందుగా బ్యాటరీ సంగతి చూతము. నేటి ఫోనులలోను, పవర్‌బ్యాంకులలోను ఉన్నది లిథియమ్-అయాన్ బ్యాటరీ. చిన్న యొడలిలో మిక్కుటమైన శక్తి దాగియుండును. లోపలి పలుచని పొర చినిగినను, రెండు కొసలు లోహముతో కలిసినను వేడి పుట్టును. ఆ వేడి ప్రక్క ఘటమును వేడెక్కించును. అది మరియొక దానిని. ఒకసారి రాజుకొన్న పిమ్మట చల్లార్చుట కష్టము. 2010 సెప్టెంబరు 3వ తేదీన దుబాయి నుండి బయలుదేరిన ఒక సరకుల విమానములో మంటలు లేచి, విమానము కూలి, నడుపువారిద్దరును మరణించిరి. ఆ విమానములో లిథియమ్ బ్యాటరీలు వేలకొలది యుండెను. వానిలో కొన్నిటిని ప్రమాదకర వస్తువులని చీటిలో ప్రకటింపవలసి యుండియు ప్రకటింపలేదని విచారణలో తేలినది. 'గృహోపయోగ వస్తువులు' అని మేము వ్రాసిన మాటకు ఎంత బరువున్నదో అది చదివిన దినముననే మాకు తెలిసివచ్చినది.

ఈ కారణముననే బ్యాటరీలకు ఐక్యరాజ్యసమితి పద్ధతిలో అంకెలు ఏర్పడినవి. విడి లిథియమ్-అయాన్ బ్యాటరీకి 3480. పరికరములో అమర్చినదానికి, లేక పరికరముతో కలిపి పెట్టినదానికి 3481. ఆమ్లముతో నిండిన మోటారు బ్యాటరీకి 2794. పవర్‌బ్యాంకు పరికరముగా కాక విడి బ్యాటరీగానే లెక్కకు వచ్చును. విడి లిథియమ్-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానములలో సరకుగా పంపుట 2016 ఏప్రిల్ 1 నుండి నిషిద్ధము. సరకుల విమానములలో పంపవలెనన్నను వానిలోని శక్తి నూటికి 30 పాళ్లకు మించరాదు. ఎత్తు, వేడి, కుదుపు, అదురు, కొసలు కలియుట మొదలైన ఎనిమిది పరీక్షలకు ఆ తరగతి బ్యాటరీ నిలిచినదని తయారుచేసినవారి నుండి పరీక్షాసారాంశపు పత్రము కావలెను. అంతర్జాతీయ తపాలాలో విడి లిథియమ్ బ్యాటరీలకు చోటే లేదు.

ఇక సూదంటురాయి. ఇది మండదు, కారదు, ప్రేలదు. మరి దీనికి ఆంక్ష యేల? విమానమునకు దిక్కు చూపు సాధనములలో అయస్కాంతపు సూదికూడ ఒకటి గనుక. గట్టి అయస్కాంతము చెంతనున్నచో ఆ సూది దారి తప్పును. అందుచే నియమమిట్లున్నది: కట్టిన పెట్టెకు 2.1 మీటర్ల దూరమున, అనగా సుమారు ఏడడుగుల దూరమున, దిక్సూచి రెండు డిగ్రీలకంటె తక్కువగా కదలినచో ఆ పెట్టెకు ఆంక్ష లేదు. అంతకు మించినచో 2807 అను అంకెతో ప్రకటింపవలెను. 4.6 మీటర్ల దూరమునను బలము హద్దు మీరినచో సాధారణముగ విమానమెక్కింపరు. ఓడలో పంపినచో ఈ ఆంక్ష వర్తింపదు. అయస్కాంతములను జతలుగా, ఒకదాని ఉత్తరధ్రువమునకు ఎదురుగా మరియొకదాని దక్షిణధ్రువము వచ్చునట్లు పేర్చి, చుట్టును ఇనుపరేకు పెట్టినచో బయటకు వ్యాపించు బలము చాలవరకు తగ్గును. మా వంతెన బొమ్మల బిళ్లలు ఈ పరీక్షలో ఏమాత్రము చిక్కుపడెడివి కావు. పెట్టెను వెనుకకు త్రిప్పినది ప్రక్కనున్న పవర్‌బ్యాంకే. అయినను ఒక హెచ్చరిక యున్నది. పిల్లలాడు వస్తువులలోని చిన్న గట్టి అయస్కాంతములు రెండు కడుపులోనికి పోయినచో, ప్రేగుల గోడలను నడుమ నిరికించుకొని ఒకదానినొకటి లాగికొనును. శస్త్రచికిత్స వరకును పోవలసి వచ్చును. బొమ్మలలోని అయస్కాంతములను ఐరోపావారు కట్టుదిట్టముగ పరీక్షించుటకు హేతువిది.

ఇప్పుడు అమ్మకము మాట. భీమవరమున చేపల చెరువు నీటిలోని ప్రాణవాయువును కొలుచు పరికరము నొక యువకుడు చేసెననుకొందము. దానిలో చిన్న లిథియమ్ బ్యాటరీ యున్నది. హాలండులోని యొక వర్తకుడు దానిని కోరినాడు. మన యువకునికి ముందుగా ఎగుమతి దిగుమతుల కోడు సంఖ్య కావలెను. సరకు పట్టీ, పెట్టెల వివరము, షిప్పింగు బిల్లు కావలెను. వస్తువునకు లోకమంతటను చెల్లు ఆరంకెల సంఖ్య యొకటి యుండును. విడి అయస్కాంతములు 8505 అను శీర్షిక క్రిందికిని, ఒకసారి వాడి పారవేయు ఘటములు 8506 క్రిందికిని, మరల మరల నింపుకొను బ్యాటరీలు 8507 క్రిందికిని వచ్చును. పరికరములో బిగించిన బ్యాటరీ సాధారణముగ ఆ పరికరపు సంఖ్యనే అనుసరించును. ఈ సంఖ్య తప్పినచో సుంకము తప్పును. సుంకము తప్పినచో పెట్టె నిలిచిపోవును.

అక్కడ కొనువానికి ఈవోఆర్ఐ అను నమోదు సంఖ్య యుండవలెను. సరకు విమానమెక్కకమునుపే దాని వివరములు ఐరోపా కస్టమ్సు వారి కంప్యూటరునకు చేరవలెను. 'విడిభాగములు', 'కానుక' వంటి మొండి మాటలు అచట చెల్లవు. చేరిన సరకును 90 దినములలోగా ఏదో యొక విధానము క్రిందికి తేవలెను. ఆలస్యమైనకొలది గిడ్డంగి అద్దె పెరుగును. సుంకము సరకు వెలమీద మాత్రమే కాదు, అక్కడి సరిహద్దు చేరువరకు అయిన రవాణా, బీమాల ఖర్చులు కలిపి కట్టుదురు. దానిపై అమ్మకపు పన్నువంటి వ్యాట్ పడును. ఊహకొరకు లెక్క వేయుదము. సరకు 200 యూరోలు, రవాణా 40, సుంకము 6 అనుకొందము. మొత్తము 246. జర్మనీలో వ్యాట్ నూటికి 19. అనగా మరియొక 46 యూరోల 74 సెంట్లు. ఇది ముందుగా ఎవరు చెల్లింతురో ఒప్పందములో వ్రాసికొననిచో, సరకు గుమ్మము చేరినపుడు స్నేహము చెడును. ఒక యింటివారు మరియొక యింటివారికి వెల పుచ్చుకొనక పంపు కానుక 45 యూరోల వరకు, కొన్ని వస్తువులు తప్ప, సుంకమునుండియు పన్నునుండియు మినహాయింపు పొందును.

బ్యాటరీలమీద ఐరోపా సమాఖ్య 2023లో క్రొత్త శాసనము చేసినది. అది 2024 ఫిబ్రవరి 18 నుండి అమలులోనికి వచ్చినది. అదే యేడు ఆగస్టు 18 నుండి అచట అమ్మకమునకు వచ్చు బ్యాటరీలకు సీఈ గుర్తు ఉండవలెనని నియమము. చక్రముల చెత్తతొట్టిమీద అడ్డుగీతలు గీసిన బొమ్మయు ఉండవలెను. దీనిని చెత్తలో పారవేయరాదు, వేరుగా సేకరింపవలెనని దాని యర్థము. పాదరసము, కాడ్మియము, సీసము వంటివానికి హద్దులు గలవు. ఇది మన భీమవరపు యువకునికి భారముగ తోచవచ్చును. పెద్ద సంస్థకు పది మంది గుమాస్తాలుందురు, ఇతనికి తానొక్కడే. చిన్నవారికి ఈ మెట్లు ఎత్తుగ నున్నవనుట సత్యము. అయినను అతడు చేయదగినది యొకటి కలదు. పరీక్షాపత్రమున్న బ్యాటరీనే కొని వాడవలెను. చౌకయని పేరు లేని ఘటము కొన్నచో, తరువాతి పత్రములన్నియు పునాది లేని గోడలగును. పరికరము గీయుటకు ముందే పత్రము సంపాదించుకొన్నవాడు సరిహద్దున నిలువడు.

ఇక గృహస్థులకు నాలుగు మాటలు. పిల్లలు విమానమెక్కునపుడు పవర్‌బ్యాంకును చేతిసంచిలోనే యుంచుకొనవలెను. లోపల వేయు పెట్టెలో పెట్టరాదు. మంట పుట్టినచో మనుష్యులు చూచి ఆర్పుటకు వీలుండును గదా! నూరు వాట్-అవర్ల వరకు సాధారణముగ అభ్యంతరము లేదు. నూటికి పైన నూటయరువది వరకు విమాన సంస్థ అనుమతి కావలెను. లెక్క సులభము: దానిమీదనున్న మిల్లీ ఆంపియర్-అవర్ల సంఖ్యను వోల్టులచే హెచ్చించి వేయిచే భాగింపవలెను. ఇరువదివేల మిల్లీ ఆంపియర్-అవర్లు, 3.7 వోల్టులు అయినచో 74 వాట్-అవర్లు. పార్సెలులో విడి బ్యాటరీ పెట్టకుడు. బ్యాటరీ తీయవీలుకాని వస్తువైనచో పంపుముందే అడుగుడు, చీటిమీద స్పష్టముగ వ్రాయుడు. ఉబ్బిన ఫోనును బాగుచేయించుటకై ఎచ్చటికిని పంపకుడు.

పెట్టె మనలను విడిచిపోయిన పిమ్మట దానిని మోయువారు, ఎక్కించువారు, దానిమీదుగా ఆకాశములో ప్రయాణించువారు ఎందరో కలరు. వారిలో నొక్కరును దాని మూత తీసి చూడరు. మనము అంటించిన చీటినే నమ్ముదురు. ఆ నమ్మకమే మోటుపల్లి రాతిమీద నున్నది, నేటి కంప్యూటరులోను ఉన్నది.

మేము రెండవసారి పెట్టె కట్టించితిమి. కుర్రవాడు మరల అదే ప్రశ్న అడిగెను. ఈసారి చీటిమీద తాండ్ర ఎన్ని కిలోలో, చీర వెల యెంతో, అయస్కాంతపు బిళ్లలెన్నో వివరముగ వ్రాసి, పవర్‌బ్యాంకును ఇంటనే యుంచితిమి. పెట్టె పదునొకండవ దినమున చేరినది. మేనల్లుడు తన పవర్‌బ్యాంకును అచటనే కొనుక్కొన్నాడు. వంతెన బొమ్మ వారి వంటయింటి ఫ్రిజ్ తలుపుమీద నున్నదని కోడలు ఫొటో పంపినది. తాండ్ర మాత్రము ఆ వారమే అయిపోయినదట.