హీటరు, కెటిలు, గోడ మీద ఒక నల్ల మచ్చ

మెల్‌బోర్న్‌లో చలి మొదలైంది. అందుకని ఈ వారం వీసాల గొడవ పక్కన పెట్టి హీటర్ గురించి మాట్లాడతాను. లెక్కలుంటాయి గానీ భయపడకండి, భాగహారం, గుణకారం, అంతే.

పోయిన చలికాలం సంగతి. టార్నీట్‌లో నలుగురం కలిసి ఉంటున్నాం. ముగ్గురం వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు, ఒక తమ్ముడు చదువుకుంటున్నాడు. హాల్లో సోఫా వెనక ఉన్నది ఒకటే పవర్ పాయింట్. దానికి ఒక పవర్ బోర్డు, అందులో హీటరూ కెటిలూ. రెండూ కలిపి వేస్తే బోర్డు మీది చిన్న బటన్ టక్కున బయటికొచ్చేది. తమ్ముడు నొక్కేవాడు, మళ్లీ వచ్చేది. విసుగెత్తి బోర్డు పీకేసి డబుల్ అడాప్టర్ ఒకటి తెచ్చి పెట్టాడు. "అన్నా, ప్రాబ్లం సాల్వ్" అన్నాడు. నిజమే, బటన్ బయటికి రావడం ఆగిపోయింది. ఆ అడాప్టర్‌కి అసలు బటనే లేదు మరి.

పది రోజుల తర్వాత, తెల్లవారుజామున డ్యూటీ దిగి తలుపు తీశాను. కాలిన ప్లాస్టిక్ వాసన. స్విచ్ ఆపి చూస్తే అడాప్టర్ మెత్తబడింది, గోడ ప్లేటు మీద నల్ల మచ్చ. లోపల తమ్ముడు దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు.

వరంగల్‌లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివినవాణ్ని, నా ఇంట్లోనే ఇది జరిగితే సిగ్గేసింది. ఆ శనివారమే ఒక చిన్న మీటర్ కొన్నాను. ప్లగ్గుకీ గోడకీ మధ్యలో పెడితే వోల్టులు, ఆంపియర్లు చూపిస్తుంది. వేరే గదిలో బాగున్న పాయింట్‌కి పెట్టి తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

మన మాటలోనే ఒక తిరకాసు ఉంది. ఊళ్లో "కరెంటు పోయింది" అంటాం. పోయేది నిజానికి వోల్టేజి. గోడ ఇచ్చేది వోల్టేజి మాత్రమే, మీరు ఏదీ పెట్టకపోయినా అది అక్కడ కాచుకుని ఉంటుంది. కరెంటు పారేది వస్తువు పెట్టాకే. ఎంత పారాలో తేల్చేది ఆ వస్తువులోని నిరోధం, అంటే రెసిస్టెన్స్. 1827లో ఓమ్ అనే జర్మన్ మాస్టారు పుస్తకంగా రాసి పెట్టింది ఇదే.

హీటర్ పెడితే మీటర్ 228 వోల్టులు, 8.6 ఆంపియర్లు చూపించింది. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, సుమారు 26.5 ఓములు. గుణిస్తే పవర్, 1,961 వాట్లు. హీటర్ వెనక స్టిక్కర్ మీద 2000 అని ఉంది. "మోసమా అన్నా?" అన్నాడు తమ్ముడు. మోసం కాదు. ఇక్కడి ప్రమాణం 230 వోల్టులు, 216 నుంచి 253 దాకా ఎంతున్నా సరైనదే. వోల్టేజి కాస్త తగ్గితే పవర్ కూడా తగ్గుతుంది.

కెటిల్ 2200 వాట్లు. 230తో భాగిస్తే 9.6 ఆంపియర్లు. రెండూ కలిపితే 18 పైనే. ఇక్కడి మామూలు పవర్ పాయింట్ ఒక్కో ప్లగ్గుకి మోయగలిగింది 10. పవర్ బోర్డు మొత్తానికీ అంతే. ఆ బటన్ పాపం అదే చెబుతూ వచ్చింది.

మరి మీటర్ బాక్సులో బ్రేకర్ ఎందుకు పడలేదు? మాది 20 ఆంపియర్లది. దాని లెక్కలో 18 తప్పే కాదు. సేఫ్టీ స్విచ్ ఉంది కదా అన్నాడు తమ్ముడు. ఉత్త సేఫ్టీ స్విచ్ చూసేది లీకేజి. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే ఆపి మన ప్రాణం కాపాడుతుంది. ఓవర్‌లోడ్ దాని పని కాదు.

కాలింది ఎక్కడో చూడండి. వదులైన పిన్ను దగ్గర కూడా కాస్త నిరోధం ఉంటుంది. 0.1 ఓమ్ అనుకుందాం, చాలా చిన్నది. అక్కడ పుట్టే వేడి లెక్క: ఆంపియర్లని ఆంపియర్లతోనే గుణించి, మళ్లీ నిరోధంతో గుణించాలి. హీటర్ ఒక్కటే అయితే 7 వాట్ల పైచిలుకు. రెండూ కలిస్తే 32 దాటుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. రిపేరు షాపుల్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. అలాంటిది సోఫా వెనక గోడలో గుచ్చి పడుకున్నాం మేము.

ఇంకో సంగతి. డాలస్ నుంచి ఇక్కడికి మారిన ఒక చెల్లెమ్మ రైస్ కుక్కర్ తెచ్చుకుంది. 120 వోల్టులు, 500 వాట్లు. పిన్నులు మార్చే అడాప్టర్ పెట్టి వేసింది. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ వోల్టేజిని కాదు. ఆ కుక్కర్ నిరోధం 28.8 ఓములు. ఇక్కడ 230కి పెడితే 8 ఆంపియర్లు, అంటే 1,800 వాట్ల పైన. అన్నం కాదు, కుక్కరే ఉడికింది. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీకి ఈ బాధ లేదు, మన దగ్గరా 230 వోల్టులు, 50 హెర్ట్‌జే.

ఒక్క జాగ్రత్త. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటి మోటార్ ఉన్నవాటికి వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే అసలు వాట్ల కంటే ఎక్కువ చూపిస్తుంది. వాటికి మీటర్‌లో వాట్లు అన్న అంకె నేరుగా చూడండి.

ఇక ఆ నల్ల మచ్చ. ఏజెంట్‌కి చెబితే బాండ్ పోతుందని అందరూ వద్దన్నారు. "నువ్వే మార్చెయ్ అన్నా, చదివావు కదా" అన్నారు. ఇక్కడ లైసెన్స్ లేకుండా స్విచ్ ప్లేటు విప్పినా చట్టరీత్యా తప్పే, వరంగల్ సర్టిఫికెట్ చెల్లదు. నాకూ భయమే వేసింది, అయినా సోమవారం పొద్దున ఫోటో తీసి ఏజెంట్‌కి మెయిల్ పెట్టాను. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లేటు విప్పాడు. లోపల వైరు తొడుగు రెండంగుళాల మేర మాడిపోయి ఉంది. ఖర్చు నలుగురం పంచుకున్నాం. కెటిల్ ఇప్పుడు వంటింట్లో ఉంది.

మీ హీటర్ స్టిక్కర్ ఫోటో తీసి పంపండి, వచ్చే వారం కొన్నిటికి లెక్క కట్టి చెబుతాను. ఉంటాను.