పని బండికి అరలు బిగించే ముందు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, వైద్య బిల్లుల గురించి చక్కగా మాట్లాడగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం బండ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సర్వీసంతా విద్యుత్ శాఖ ట్రాన్స్‌పోర్టు వర్క్‌షాపులో గడిపినవాణ్ణి గనుక కాదనలేకపోయాను. మన సభ్యుల పిల్లల్లో ఎలక్ట్రికల్, ప్లంబింగ్, వడ్రంగం, ఫాల్స్ సీలింగ్ పనులు ఒప్పుకుని ఇళ్లు కట్టే బిల్డర్లకు చేసిపెడుతున్నవారు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లకు సామాన్లతో సహా తిరగడానికి సొంత బండి కావాలి. ఆ బండికి డబ్బు ఎక్కడినుంచి వస్తున్నదో మీకు వేరే చెప్పనక్కరలేదు. నాన్నగారి గ్రాట్యుటీ, కాకుంటే కమ్యుటేషన్. కనుక ఇది మన విషయమే.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లివచ్చినవారు అక్కడ ఇళ్లు కట్టే పనివాళ్ల వ్యానులు చూసే ఉంటారు. లోపల రెండు పక్కలా ఇనుప అరలు, సొరుగులు, పైన నిచ్చెన పట్టుకునే చట్రం. పికప్ ట్రక్కులకైతే వెనుక తొట్టి తీసేసి, పక్కల తాళాలు వేసే అల్మరాలున్న ఇనుప బాడీ బిగిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు ఆ ఫొటోలు ఫోనులో పెట్టుకుని మన కుర్రవాళ్లు బాడీ బిల్డరు దగ్గరికి వెళ్లి "అచ్చం ఇలాగే కావాలి" అంటున్నారు. అచ్చం అలాగే చేయిస్తే చిక్కే. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. కాబట్టి పక్క తలుపు కుడివైపు, కాలిబాట దిక్కుకు ఉంటుంది. ఇక్కడ ఆ బొమ్మ ప్రకారం తలుపు పెడితే హెల్పరు లారీలు పోయే వైపు దిగాల్సి వస్తుంది. మనకు ఎడమవైపో, వెనుకవైపో ఉండాలి.

ఆ ఫొటోల్లో కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. అక్కడి బండ్లకు డ్రైవరు తలుపు తీస్తే ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను అంతా కలిపి ఇంత బరువు దాటరాదని దానిమీద రాసి ఉంటుంది. బిగించిన అరల బరువు కూడా అందులోంచే పోతుంది. మనకు ఈ లెక్క ఆర్.సి.లో దొరుకుతుంది. ఖాళీ బండి బరువు ఒకచోట, మొత్తం బరువు పరిమితి ఇంకొకచోట రాసి ఉంటాయి. మొదటిది రెండోదాంట్లోంచి తీసేస్తే మిగిలేదే మనకున్న ఆస్తి. డ్రైవరూ, పక్కన కూర్చున్నవాడూ, అరలూ, పనిముట్లూ, సామానూ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

మన సభ్యులొకరి కుమారుడి బండి సంగతి చెబుతాను. జనం చోటా హాథీ అని పిలిచే టాటా ఏస్ 2005లో వచ్చింది. ఆ తరగతి బండినే ఇతను సెకండ్‌హ్యాండులో కొన్నాడు. వెనుక మూసిన డబ్బా ఉంది. మూడు వైపులా 19 మి.మీ. ప్లైవుడ్‌తో అరలు, కింద సొరుగులు చేయాలని వడ్రంగి ఎనిమిది షీట్లు రాశాడు. పని మొదలెట్టకముందు బండిని కాటా దగ్గరికి తీసుకువెళ్లమన్నాను. ఖాళీగా తూచి చూస్తే పరిమితికి ఇంకా 620 కిలోలు ఉంది. ఇద్దరు మనుషులకు 140 తీసేస్తే 480. ఎనిమిదడుగుల, నాలుగడుగుల షీటు ఆ మందంలో సుమారు 35 కిలోలు తూగుతుంది. ఎనిమిది షీట్లకు 280. మిగిలింది 200. బ్రేకరు, గోడ కోసే మిషను, డ్రిల్లు, పైపు రెంచీలు, నిచ్చెన కలిపి 120. అంటే సరుకుకు మిగిలింది 80 కిలోలు! పెట్టెతో సహా ఒక కమోడు 30 కిలోలు దాటుతుంది. మూడోది ఎక్కించేసరికి పరిమితి మించినట్టే. ఇంత డబ్బు పోసి కొన్న బండిలో చెక్కను మోసుకుంటూ తిరగడమన్నమాట.

వడ్రంగి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గాని, అబ్బాయి విన్నాడు. ఒక పక్క మాత్రమే బోల్టులతో బిగించే స్లాటెడ్ యాంగిల్ చట్రం, అరలకు 6 మి.మీ. ప్లైవుడ్ వేయించాం. మొత్తం 95 కిలోలతో సరిపోయింది. 185 కిలోలు మిగిలాయి. సొరుగులు వద్దన్నాను. సిమెంటు దుమ్ములో వాటి పట్టాలు తొందరగా పట్టేస్తాయి. మూతలున్న ప్లాస్టిక్ ట్రేలు చాలు. అరకు ముందు మూడంగుళాల అంచు పెట్టి, అరను కొంచెం వెనక్కి వాలుగా బిగిస్తే గుంతల రోడ్డులో కూడా ట్రే జారిపడదు.

ఏ వస్తువు ఎక్కడ పెట్టాలన్నది మనకు కొత్త విద్య కాదు. మా బ్రేక్‌డౌన్ వ్యానులో పలకమీద ప్రతి స్పానరు ఆకారమూ తెల్లరంగుతో గీయించేవాళ్లం. ఖాళీ గీత కనిపిస్తే వస్తువు స్తంభం దగ్గరే మరిచిపోయారని అర్థం. గాలివాన రాత్రి టార్చి లేకపోయినా లైన్‌మన్ చెయ్యి పెడితే కట్టింగ్ ప్లయరు దొరికేది. ఇప్పటి కుర్రవాళ్లకు నేను చెప్పేదేమంటే, బండి కొన్న మర్నాడే అరలు చేయించకండి. ఒక నెల ట్రేలతోనే నడపండి. రోజుకు పదిసార్లు ఏది తీస్తున్నారో, నెలకొకసారి ఏది తీస్తున్నారో ఒక కాగితంమీద రాసుకోండి. మొదటివి తలుపు దగ్గర, రెండోవి లోపల. చాలా వస్తువులు అసలు బండిలోనే అక్కరలేదని ఆ కాగితమే చెబుతుంది.

బరువైనవి కింద, వెనుక ఇరుసుకు కాస్త ముందుగా ఉండాలి. ఇరుసు దాటి వెనుకకొసన బరువు పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది. ఎడమ, కుడి సమంగా చూసుకోవాలి. పది అడుగుల పైపులు ఏడడుగుల తొట్టిలో పట్టవు గనుక క్యాబిన్ మీదుగా చట్రం వేయించి, రెండు కొసలా కట్టాలి. అప్పుడు బండి పొడవులోపలే ఉంటాయి. పన్నెండు మీటర్ల ఇనుప కడ్డీల జోలికి మాత్రం పోవద్దు. వాటిని దుకాణంవాళ్లే సైటుకు పంపుకుంటారు.

ఈకో వంటి వ్యానుల్లో డ్రైవరూ సామానూ ఒకే గదిలో ఉన్నట్టు. సీటు వెనుక గట్టి ఇనుప జాలీ అడ్డు లేకుండా సామాను ఎక్కించనివ్వకండి. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న బండి దేన్నో గుద్దుకుని అర మీటరులో ఆగిందనుకోండి. లెక్క వేస్తే, లోపలి వస్తువును పట్టి ఆపడానికి దాని బరువుకు సుమారు 20 రెట్ల బలం కావాలి. ఐదు కిలోల డ్రిల్లుకు కట్టిన పట్టీ వంద కిలోలను ఆపగలగాలి. పట్టీ లేకపోతే ఆ డ్రిల్లు అదే వేగంతో అబ్బాయి తలవెనుకకు వస్తుంది. తలుపు తీసి ఈ ఒక్కటి మీరే స్వయంగా చూడండి. గ్యాసు బండ, థిన్నరు డబ్బా మూసిన బండిలో రాత్రంతా ఉంచరాదు. వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే నేలమీదే నిలుస్తుంది. పైన పెట్టిన జాలీవల్ల లాభం లేదు, గాలి రంధ్రాలు నేలమట్టాన ఉండాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లోని వివరాలు మారేలా బండిని మార్చరాదు. డబ్బా కట్టించాలన్నా, పక్క తలుపు కోయించాలన్నా ముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో కనుక్కోవాలి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. 2019 సవరణ తరువాత బరువు పరిమితి మించితే జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేలు. సరుకు బండి బయటికి పొడుచుకువచ్చినా 20 వేలే. ఛాసిస్ పట్టీలకు వెల్డింగు చేయనివ్వకండి. నేలకు రంధ్రం వేసేముందు కిందికి వంగి, డీజిలు ట్యాంకు, బ్రేకు పైపు ఎక్కడున్నాయో చూడమనండి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం నేను సంఘం ఆఫీసులో ఉంటాను. ఆర్.సి. జిరాక్సు, కాటా చీటీ, వడ్రంగి రాసిచ్చిన అంచనా తీసుకురండి, కూర్చుని లెక్క వేద్దాం. అబ్బాయిని కూడా వెంటబెట్టుకు రండి. బండిలో ఏమేం ఉంటాయో నాన్నగారికి సగమే తెలుస్తుంది.