టీసీ ఇచ్చి పంపేస్తే మత్తు పోతుందా?

(బడి పిల్లల్లో మత్తు అలవాట్లు, హింస అనే అంశంపై స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడి పిల్లల మత్తు అలవాట్ల గురించి మాట్లాడేటప్పుడు మనకు ఎక్కువగా వినిపించేవి రెండు మాటలు. "ఈ తరమే చెడిపోయింది" అన్నది ఒకటి. "వాణ్ణి బళ్ళో ఉంచితే మిగతావాళ్ళూ చెడిపోతారు" అన్నది రెండోది. ఈ రెండూ కలిసి చివరికి ఒక కాగితం దగ్గర తేలతాయి. అదే టీసీ. పిల్లవాడి సంచిలో వైట్‌నర్ సీసా దొరికినా, గుట్కా పొట్లం దొరికినా, ఇద్దరు కొట్టుకుని ఒకడికి తల పగిలినా తల్లిని పిలిపించి, నాలుగు మాటలని, టీసీ చేతిలో పెట్టి పంపేస్తారు. బడికి ఆ రోజుతో సమస్య తీరిపోతుంది. పిల్లవాడికి అక్కణ్ణుంచే మొదలవుతుంది. పగలంతా కూర్చోబెట్టే చోటు పోతుంది, వాడి మంచిచెడ్డలు చూసే పెద్దలు పోతారు. మత్తు అమ్మేవాడు మాత్రం వీధి చివర అలాగే ఉంటాడు.

మత్తుకు వ్యతిరేకంగా పోరాడిన చరిత్ర మనకుంది. అక్షరాస్యతా కార్యక్రమంలో భాగంగా నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు చదువుకున్న 'సీతమ్మ కథ' అన్న పాఠం వాళ్ళ సొంత బతుకుల చర్చగా మారింది. 1992 నాటికి ఆ చర్చ జిల్లాలో సారా వేలంపాటల్ని అడ్డుకునే ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని ఎత్తేశారు కూడా. నిషేధం నిలవలేదు గానీ, ఆ స్త్రీలు వేసిన ప్రశ్న ఇప్పటికీ నిలిచి ఉంది. మా ఊరికి సారా ఎవరు తెస్తున్నారు, దానిమీద ఎవరు సంపాదిస్తున్నారు అని వాళ్ళు అడిగారు. బడి దగ్గరకొచ్చేసరికి మనం ఆ ప్రశ్న మర్చిపోయి, పదమూడేళ్ళ పిల్లవాణ్ణి దోషిగా నిలబెడుతున్నాం.

ఇక ఆ పిల్లలెవరో చూద్దాం. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. పీల్చే మత్తు పదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం ఉందని అది చెప్పింది. పెద్దల కన్నా పిల్లల్లో వాడకం ఎక్కువగా కనబడింది ఈ ఒక్క రకంలోనే. సుమారు 4.6 లక్షల మంది పిల్లలకు దీనినుంచి బయటపడేందుకు సహాయం అవసరమని కూడా అంచనా వేసింది. ఇవేవీ దొంగచాటుగా తెచ్చే సరుకులు కావు. వైట్‌నర్, పంక్చర్లు వేసే సొల్యూషన్, పెట్రోలు చవకగా దొరుకుతాయి, ఎవరూ అడ్డుచెప్పరు. ఆకలినీ, దెబ్బల్నీ, ఒంటరితనాన్నీ కాసేపు మరిపిస్తాయి.

అయితే పిల్లలందరి పరిస్థితీ ఒకటి కాదు. తల్లిదండ్రులు ఒడిశా నుంచి ఇటుక బట్టీలకొస్తే, భాష రాని బళ్ళో వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడున్నాడు. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండే ఆదివాసీ పిల్లవాడున్నాడు. ర్యాంకుల వేటలో నలిగిపోతున్న కార్పొరేట్ బడి పిల్లవాడున్నాడు. వాడే పదార్థం వేరు, కారణం వేరు. అందరికీ ఒకే పోస్టరు, ఒకే ఉపన్యాసం సరిపోవు.

శిక్ష కూడా అందరికీ ఒకటి కాదు. 2017లో హైదరాబాదు మాదకద్రవ్యాల కేసులో ప్రైవేటు బడుల పిల్లల పేర్లు బయటికి రాకుండా అధికారులు జాగ్రత్తపడ్డారు. అది సరైన పనే. అదే మర్యాద బస్తీ పిల్లవాడికీ, దళిత, ముస్లిం, ఆదివాసీ పిల్లవాడికీ దక్కాలి కదా? పోయిన వస్తువుకీ, పగిలిన కిటికీకీ అనుమానం మొదట ఏ కులం మీద, ఏ బస్తీ మీద వాలుతుందో మనందరికీ తెలుసు.

హింస గురించి మాట్లాడితే ఆడపిల్లల సంగతి తప్పనిసరిగా మాట్లాడాలి. బడి గేటు దగ్గర మగపిల్లలు తాగి అల్లరి చేస్తే, ముందు బడి మానేది ఆడపిల్లే. "పరువు పోతుంది" అని ఇంట్లో కూర్చోబెడతారు, తర్వాత పెళ్ళి చేస్తారు. ఆడపిల్లే మత్తుకు అలవాటుపడితే దాన్ని నడవడికి ముడిపెట్టి దాచేస్తారు తప్ప వైద్యానికి తీసుకెళ్ళరు. మగపిల్లల్ని చూస్తే, "మగాడివైతే తాగు, మగాడివైతే కొట్టు" అన్న సవాలు దగ్గరే మత్తూ హింసా కలుస్తున్నాయి. ఇంట్లో తండ్రి కొడుతున్నాడు, బళ్ళో మాస్టారు కొడుతున్నాడు. బలమున్నవాడు కొట్టొచ్చన్న పాఠం పిల్లలకు అలా వంటబడుతోంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం పట్టుకుని అహింస నేర్పలేం.

ఇప్పుడు టీసీ సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా, ఏ పిల్లనీ పిల్లవాణ్ణీ బడినుంచి తొలగించడానికి వీల్లేదు. 2019 సవరణ 5, 8 తరగతుల్లో తప్పినవారిని అదే తరగతిలో ఉంచే వీలిచ్చింది గానీ, తొలగించకూడదన్న నియమాన్ని ముట్టుకోలేదు. "మీరే అడిగి తీసుకెళ్తున్నట్టు రాసివ్వండి" అని తల్లిచేత సంతకం పెట్టించుకోవడం ఈ నియమాన్ని తప్పించుకునే దారి. ఆ సంతకం దగ్గర తల్లి పక్కన మనం ఉండాలి.

2015 బాలల న్యాయ చట్టం కూడా మత్తులోకి లాగబడే ప్రమాదమున్న పిల్లల్ని సంరక్షణ అవసరమైన పిల్లలుగానే చూస్తుంది. పిల్లలకు మద్యం, మాదకద్రవ్యాలు, పొగాకు ఇచ్చేవాళ్ళకు 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. గంజాయి మూటలు మోయించడానికి పిల్లల్ని వాడుకునేవాళ్ళకు 78వ సెక్షన్ కింద అదే శిక్ష. ఇక 2003 పొగాకు నియంత్రణ చట్టం విద్యాసంస్థలకు వంద గజాల లోపల పొగాకు ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించింది. అంటే చట్టం వేలు చూపిస్తున్నది అమ్మేవాడివైపు. మనం చూపిస్తున్నది పిల్లవాడివైపు.

మరి నివారణ ఎలా? ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో వెలువరించిన ప్రమాణాలు ఒక విషయం స్పష్టం చేశాయి. భయపెట్టే ఉపన్యాసాలు, ఒకప్పుడు మత్తుకు బానిసలైనవారిచేత చెప్పించే అనుభవాలు ఫలితమివ్వవు. పిల్లలు తాము మాట్లాడుతూ, ఒత్తిడికి "వద్దు" అనడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం అభ్యాసం చేసే తరగతులు, బడిమీద వాళ్ళకుండే అనుబంధం ఫలితమిస్తాయి. దూబగుంట స్త్రీలు కూడా పాఠం విని ఊరుకోలేదు, పాఠం గురించి మాట్లాడారు.

మన సంఘాలు చేయగలిగిన పనులు ఇవి. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతోంది. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. వీటిలో ఉన్న మన స్త్రీలు ఈ ఏడాది ఎంతమందికి, ఏ కారణంతో టీసీ ఇచ్చారని అడగాలి. బడి చుట్టూ వంద గజాలు కొలిచి, దుకాణాల జాబితాతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అలవాటుపడిన పిల్లవాడి పేరు పదిమందిలో చెప్పకుండా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. 14446 మత్తు విముక్తి సహాయానికి, 1098 పిల్లల రక్షణకు ఉన్న నంబర్లు. మగపిల్లలతో మగతనం గురించి, వాళ్ళకొచ్చిన భాషలో మాట్లాడాలి. అన్నిటికన్నా ముందు, వైద్యం జరుగుతున్నన్నాళ్ళూ హాజరుపట్టీలో ఆ పిల్లవాడి పేరు కొట్టేయకుండా చూడాలి.

సారా కాంట్రాక్టర్లను ఎదిరించినవాళ్ళం. ఒక టీసీ కాగితాన్ని ఆపలేమా?