చెక్క మిషనుతో మా తిప్పలు

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణలు చేస్తారని మీకు తెలిసిందే. బహుమతిగా ఇచ్చే చిన్న వీణలు చేద్దామని మా సంఘం అప్పు తీసుకుని, కంప్యూటరు చెప్పినట్టు చెక్కే చిన్న మిషను కొన్నది.

మొదటిరోజే బిట్టు విరిగింది. బిట్టు మొన చెక్క పైభాగాన్ని తాకిన చోట సున్నా పెట్టాలి. మేము కింద బల్ల మీద పెట్టేశాం. అది చెక్కంతా దిగబడి పుటుక్కుమంది. బిట్టు పోతే పోయింది, ఎండబెట్టి దాచిన పనస చెక్క పాడైందని ఏడుపొచ్చింది. ఇంట్లో వాళ్లు నవ్వారు, అది వేరే మాట.

ఇప్పుడు ముందు పనికిరాని ముక్క మీద చెక్కి చూస్తాం. లోతు ఒకేసారి దించం, పొరలు పొరలుగా తీయిస్తాం. శబ్దం మారితే ఆపేస్తాం. కొంగు బిగించి, జడ ముడేసి, ముక్కుకి గుడ్డ కట్టుకోనిదే ఎవరినీ దగ్గరికి రానివ్వం.

మిషను కొంటే అదే చేసేస్తుందనుకోకండి. తొలవడం వరకే దాని పని. పెద్ద వీణకైతే మైనం మీద 24 మెట్లు నిలబెట్టి స్వరం సరిచూడాలి, అది చెయ్యీ చెవీ చేసే పని. అది మాకింకా రాలేదు, నేర్చుకుంటున్నాం.

అప్పు వాయిదా ఒక్కటీ తప్పలేదు. మొదటి రెండు నెలలూ పాల డబ్బుల్లోంచి కట్టాం. విరిగిన బిట్టు తెచ్చాం, ఇదిగో, చేతులు మార్చి చూడండి.