పరీక్ష బల్ల మీద బాధ

(నర్సులు, మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే కాన్పుల గురించి, ఆపరేషన్ల గురించి మాట్లాడతాం. పరీక్షల్లో పడే బాధ మన చర్చల్లోకి రాదు. "పది నిమిషాల పనే కదా" అంటారు. ఆ పది నిమిషాలు మన శరీరం మీద అధికారం ఎవరిది?

హెచ్.ఎస్.జి. పరీక్షనే తీసుకుందాం. గర్భసంచి ముఖద్వారం గుండా సన్నని గొట్టంతో మందు ఎక్కించి, ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా అని ఎక్స్‌రేలో చూస్తారు. ముట్టు ఆగాక, అండం విడుదలయ్యే లోపల చేస్తారు. మందు నిండుతుంటే పొత్తికడుపు మెలిపెట్టినట్టవుతుంది. కొందరికి కాస్తంత నొప్పి, కొందరికి భరించలేనంత. కళ్లు తిరిగేవారూ ఉంటారు.

నాతో మాట్లాడిన స్త్రీలకు నొప్పికంటే ఎక్కువ గుర్తుండిపోయినవి మాటలు. "పెళ్లయినదానివి, ఇంతకే అరుస్తావేం?" పిల్లలు లేరన్న నింద మోస్తూ వచ్చిన మనిషికి ఈ మాట ఎలా తగులుతుందో ఆలోచించండి. భర్త వీర్యపరీక్షకు ఏ గొట్టమూ అక్కర్లేదు. అయినా చాలా ఇళ్లలో భార్యనే ముందు బల్ల ఎక్కిస్తారు.

నర్సు చేయగలిగింది చాలా ఉంది. ఏం చేయబోతున్నారో ముందే చెప్పడం, గర్భం, ఇన్ఫెక్షన్, మందుల అలర్జీ ఉన్నాయేమో అడగడం, డాక్టరు సలహాతో గంట ముందు నొప్పి మాత్ర ఇప్పించడం, తలుపు వేసి దుప్పటి కప్పడం, పక్కన నిలబడి చెయ్యి పట్టుకోవడం. "ఆపమంటే ఆపుతాం" అన్న ఒక్క మాట భయాన్ని సగం తగ్గిస్తుంది. తర్వాత కాసేపు పడుకోబెట్టాలి. ఒకటి రెండు రోజులు కొద్దిగా రక్తం కనబడవచ్చనీ, జ్వరం, దుర్వాసన, నొప్పి పెరగడం ఉంటే వెంటనే రమ్మనీ చెప్పి పంపాలి.

యోని ద్వారా చేసే స్కానింగుకూ ఇదే మర్యాద వర్తిస్తుంది. వద్దనే హక్కు పెళ్లికాని అమ్మాయికే కాదు, అందరికీ ఉంది. పొట్ట మీద నుంచి చేసే స్కాన్ గురించి అడగవచ్చు.

ఇదంతా ఒక్క నర్సు మంచితనానికి వదిలేస్తే న్యాయం కాదు. ఒకే నర్సు మూడు గదులు చూసుకుంటుంటే చెయ్యి పట్టుకునే తీరిక ఎక్కడిది? సరిపడా నర్సులను నియమించమని అడగడం కూడా రోగుల హక్కుల పోరాటమే.

పరీక్షకిచ్చిన అంగీకారం చికిత్సకు ఇచ్చినట్టు కాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరో స్త్రీ ఉండాలని 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. ఆ పత్రాన్ని తెలుగులో మీ ఊరి ఆస్పత్రి గోడమీద పెట్టించండి. పరీక్షకు వెళ్లే స్త్రీకి తోడుగా వెళ్లండి. నొప్పి అంటే, నమ్మండి.